ప్రమాదాలు: లేవు

ఆర్మూర్‌లో పుట్టి పెరిగినవాళ్ళకు పసుపు గురించి ఎవరూ కొత్తగా చెప్పాల్సిన పని లేదు. వేలు తెగితే పసుపు, దగ్గొస్తే పాలలో పసుపు, పెళ్ళికి పసుపు, చివరికి పాడె మీద కూడా పసుపే. అందుకేనేమో, మా సేటు "పసుపు పీలిస్తె రోగాలస్తయా అమ్మా? ఉన్న రోగాలే పోతయి" అన్నప్పుడు డిగ్రీ చదివిన నేను కూడా నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

నేను పనిచేసింది ఊరి చివర ఒక పసుపు గిర్నీలో. బోర్డు మీద, లైసెన్సు మీద ఫ్యాక్టరీ అనే ఉంటుంది. జనం మాత్రం గిర్నీ అనే అంటారు. పెద్ద రేకుల షెడ్డు. లోపల కొమ్ములు పిండి పట్టే మిషన్, పక్కనే ఆ పిండిని జల్లించే మిషన్. షెడ్డుకు ఒక మూల అద్దాల గది కట్టి అందులో నన్ను కూర్చోబెట్టారు. హాజరు పట్టీలు, సరుకు వచ్చిన చీటీలు, సర్కారుకు చూపించాల్సిన రిజిస్టర్లు, అన్నీ నేనే రాసేదాన్ని.

ఆ రిజిస్టర్లలో ఒకటి ప్రమాదాలది. నెలకు ఒక వరస. పనిచేసేవాళ్ళకు ఏదైనా దెబ్బ తగిలితే ఎవరికి, ఎట్లా, ఎక్కడ అన్నది అందులో రాయాలి. నేను నెలాఖరున ఆ వరసలో చుక్కలు చుక్కలుగా ఒక గీత లాగి, చివర "లేవు" అని రాసేదాన్ని. వేలు చితికినా, కాలు బెణికినా, ఎవరైనా దగ్గి దగ్గి కళ్ళు తిరిగి పడినా "లేవు". ఖాళీ జాగా వదిలితే బాగుండదని ఆ చుక్కలు. చేతిరాత అందంగా ఉందని తనిఖీ సారు ఒకసారి మెచ్చుకున్నాడు కూడా.

చట్టంలో లోటేమీ లేదు, అది నేను ఒట్టేసి చెప్తాను. తిరిగే బెల్టుకు కంచె ఉండాలి, దుమ్ము రేగేచోట మాస్కులు ఇవ్వాలి, మిషన్ దగ్గర వేలాడే బట్టలు ఉండకూడదు, మందుల పెట్టె అందరికీ అందేచోట ఉండాలి. ఇవన్నీ మా షెడ్డు గోడ మీద బోర్డులో చక్కటి తెలుగులో రాసి ఉన్నాయి. కాకపోతే ఆ బోర్డు మీద పసుపు దుమ్ము వేలెడు మందం పేరుకుని ఒక్క అక్షరం కనిపించేది కాదు. తనిఖీకి ముందు రోజు మాత్రం తడిగుడ్డతో తుడిపించేవాళ్ళు.

మాస్కులు లేవని కూడా ఎవరూ అనలేరు. ఉన్నాయి. చేతి తొడుగులు, కళ్ళద్దాలు కూడా ఉన్నాయి. అన్నీ నా గదిలో ఇనుప బీరువాలో, కొన్ననాటి ప్లాస్టిక్ సంచుల్లోనే ఉన్నాయి. తాళంచెవి సేటు జేబులో ఉండేది. తనిఖీ ఎప్పుడో ముందుగా ఎట్లా తెలిసేదో నాకు తెలియదు కాని తెలిసేది. ఆ పొద్దున బీరువా తెరిచి అందరికీ పంచేవాళ్ళం. ఆడవాళ్ళు తెల్లటి మాస్కులు పెట్టుకుని వరసగా నిలబడితే నేను ఫోన్‌తో ఫోటో తీసేదాన్ని. సారు జీపు గేటు దాటగానే ఒక్కొక్కరి దగ్గరా వసూలు చేసి, దులిపి, మడిచి లోపల పెట్టేదాన్ని. ఆడవాళ్ళు వాటికి "ఫోటో మాస్కులు" అని పేరు పెట్టారు.

ఆ ఆడవాళ్ళలో మా చిన్నమ్మ ఒకతి. మా అమ్మకు సొంత చెల్లెలు. ఆలూర్ వైపు పల్లె నుంచి షేరింగ్ ఆటోలో వచ్చేది. ఎండలో పసుపు తవ్వీ తవ్వీ నడుము పోతోందంటే, నీడపట్టున పని కదా అని నేనే సేటుకు చెప్పి పెట్టించాను. పిండి మిషన్ నోటి దగ్గర నిలబడి, పడే పిండిని తట్టలోకి పట్టి జల్లెడకు మోయడం ఆమె పని. సాయంత్రానికి రెప్పల వెంట్రుకలు కూడా పచ్చగా అయ్యేవి. "నా చీర జాడిస్తె నాలుగు పొద్దుల కూరలకు సరిపోతది బిడ్డ" అని నవ్వించేది. ఆ వెంటనే దగ్గు వచ్చేది. ఉమ్మితే అదీ పచ్చగానే ఉండేది.

ఒకరోజు నీళ్ళు తాగడానికి నా గదికి వచ్చి బీరువా వైపు చూసింది.

"గా మూటలల్ల మాస్కులున్నయి గద. ఒక్కటియ్యరాదు బిడ్డ?"

సేటును అడిగాను. అప్పుడే ఆయన ఆ పసుపు వైద్యం చెప్పింది. దాంతో ఆగలేదు. "మాస్క్ ఇస్తె ఊపిరాడ్తలేదని ఘడియకోసారి బయటికి పోతరు. పనైతదా అమ్మా? నువ్వు సదువుకున్నదానివి, జర సమజ్ చేస్కో" అన్నాడు. నేను బాగా సమజ్ చేసుకున్నాను. తిరిగొచ్చి చిన్నమ్మకు సేటు ఇవ్వడంట అని చెప్పాను.

"ఇయ్యకుంటె మాయె. కొంగుండంగ ఫికరెందుకు?" అంది. కొంగును ముక్కు మీదుగా చుట్టి మెడ వెనక ముడి వేసుకుని పనికి పోయింది. మిగతా ఆడవాళ్ళు కూడా అట్లాగే కట్టుకునేవాళ్ళు. ముడి వేశాక జానెడు కొస వేలాడుతుండేది.

ఇక ఆ బెల్టు సంగతి. మోటారు నుంచి పిండి మిషన్‌కు వెడల్పాటి బెల్టు తిరుగుతుంది. దాని మీద ఇనుప జాలీ ఒకటి నాలుగు బోల్టులతో బిగించి ఉండాలి. పిండి పడి బెల్టు జారినప్పుడల్లా బోల్టులు విప్పి, సరిచేసి, మళ్ళీ బిగించాలంటే చాలాసేపు పడుతుంది. మిషన్లు చూసే మిస్త్రీ భాయితో సేటు "జాలీ ఎందుకు భాయ్, తీసి పక్కకు పెట్టు" అన్నాడు. భాయి తీసి గోడకు ఆనించాడు. అది అక్కడే ఉండిపోయింది. కొత్త మక్కలు వచ్చిన రోజుల్లో షెడ్డు బయట నిప్పులు చేసి, ఆ జాలీ పెట్టి దాని మీద కంకులు కాల్చుకున్నాం. నేనూ తిన్నాను, దాచిపెట్టడం ఎందుకు? దసరాకు మిషన్లకు పూజ చేసినప్పుడు గోడకు ఆనిన జాలీకి కూడా మూడు బొట్లు పెట్టి దండం పెట్టుకున్నాం. దానికి పూజ చేయాలని తెలిసింది కాని, దాని చోట దాన్ని పెట్టాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

ఎండాకాలం మొదట్లో, సరుకు ఎక్కువగా వస్తున్న రోజుల్లో, అన్నం వేళకు కొంచెం ముందు జరిగింది. తట్ట ఎత్తడానికి చిన్నమ్మ వంగింది. మెడ వెనక వేలాడే కొంగు కొస బెల్టుకు అందింది. మెడ బిగుసుకుంటుంటే ఆమె కుడిచెయ్యి వేసి కొంగు లాగింది. కొంగు చినిగింది, మెడ బతికింది. చెయ్యి మాత్రం బెల్టుకూ చక్రానికీ మధ్య పడింది. భాయి ఉరికి కరెంటు బందు చేసేసరికి జరగాల్సింది జరిగిపోయింది.

అరుపులు విని నేను మందుల పెట్టె కోసం పరుగెత్తాను. ఎర్రటి ప్లస్ గుర్తు ఉన్న తెల్ల పెట్టె, నా టేబుల్ వెనకే ఉంటుంది. తెరిస్తే అందులో అగరుబత్తీల పుడలు, అగ్గిపెట్టె, స్టాంపు ప్యాడు, స్టేప్లర్ పిన్నులు ఉన్నాయి. వాటిని అందులో పెట్టింది ఇంకెవరో కాదు, నేనే. పెట్టె ఉత్తగా పడి ఉందని పెట్టాను.

"పసుపు పెట్టుండ్రి, రక్తం ఆగుతది" అని ఎవరో అరిచారు. పసుపుకు ఏం తక్కువ? మోకాళ్ళ లోతు పసుపులో నిలబడి ఉన్నాం. పిడికెడు కాదు, దోసెడు తీసి నేనే ఆ చేతి మీద పోసి అదిమాను. గోనెసంచి పీచు, బెల్టు మసి, చెప్పులు తొక్కిన పిండి, అన్నీ కలిసిన పసుపు అది. పైనుంచి ఆమె చినిగిన కొంగే కట్టాను. మేం ఆటో ఎక్కి గేటు దాటుతుండగానే వెనక గిర్నీ మళ్ళీ నడిచిన చప్పుడు వినిపించింది.

ఆర్మూర్‌లో కట్టు కట్టి నిజామాబాద్ పెద్ద దవాఖానకు పంపారు. మాక్లూర్ దాటుతుంటే సేటు ఫోన్ చేశాడు. మంచి చెడ్డ అడిగి, "గిర్నీల అయ్యిందని చెప్పకు అమ్మా. సొప్ప కోస్తుంటె కొడవలి తాకిందని చెప్పు. పసుపెట్లాగు అందరిండ్లల్ల పెట్టేదే" అన్నాడు. ఎంత ఆలోచన! ఆమె చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నేను కూర్చుంటే, అంతలోనే ఆయన పసుపుతో కూడా సాక్ష్యం చెప్పించడం నేర్చుకున్నాడు.

సిగ్గులేని నేను ఆ మాటే డాక్టర్‌కు చెప్పాను. ఆయన గాయం కడిగిస్తూనే ఉన్నాడు. ఎంత కడిగినా పచ్చటి నీళ్ళే కారుతున్నాయి. "లోపల ఏమున్నదో కనబడనిస్తలేరు గద, గింత పసుపు ఎవరు పోసిండ్రు?" అని విసుక్కున్నాడు. తర్వాత నా మొహం వైపు చూశాడు.

"కొడవలి ఏ చేతుల పట్టుకుంటరమ్మా?"

"కుడిచేతుల" అన్నాను.

"మరి కుడిచెయ్యి ఎట్ల తెగింది?"

చిన్నమ్మ కళ్ళు మూసుకునే "గిర్నీల సారు, బెల్టుల పడ్డది" అంది. చిటికెన వేలు, దాని పక్క వేలు తీసేశారు. మూడో వేలు నిలుస్తుందో లేదో నాలుగు రోజులు చెప్పలేమన్నారు. నిలిచింది. ఆపరేషన్ తర్వాత స్పృహ వచ్చాక ఆమె నాతో అన్న మొదటి మాట, "అబద్ధమన్న సక్కగ ఆడస్తలేదు నీకు." నేను ఏడ్చేశాను. ఆమె నవ్వడానికి చూసింది కాని దగ్గు వచ్చింది.

కట్టు విప్పకముందే ఆమె నన్ను ఒక్కటే అడిగింది. "నా వేళ్ళెట్లాగు రావు. గిర్నీల పోయినయని నీ బుక్కుల రాయి బిడ్డ. రాస్తె జాలీ పెడ్తరు. లేకుంటె రేపు ఇంకొకదాని చెయ్యి పోతది." ఆమె అడిగింది అంతే. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అడగలేదు. రాస్తానని తల ఊపాను.

నెలాఖరు వచ్చింది. రిజిస్టర్ తెరిచి పెన్ను పట్టుకుంటే సేటు వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. ఆయన అరిచే మనిషి కాదు. అరిస్తే బాగుండు, ఎదురు తిరగడానికి ఏదో ఒక పట్టు దొరికేది. "గిర్నీ బందయితె గీ ఆడోళ్ళందరు ఏడికి పోవాలె? నీ చిన్నమ్మ సుత ఏడికి పోవాలె? కూసుండబెట్టి కొమ్ములు ఏరే పనిస్త ఆమెకు. నాకు దయ లేదా?" అన్నాడు. వేళ్ళు తిన్న గిర్నీలో కూర్చుని కొమ్ములు ఏరే దయ! నేను చుక్కలు చుక్కలుగా గీత లాగాను. చివర "లేవు" అని రాశాను. చేతిరాత ఎప్పటిలాగే అందంగా వచ్చింది.

చిన్నమ్మ తిరిగి పనికి వచ్చిన రోజు నేరుగా నా గదికి వచ్చింది. ఆమెకు చదవడం రాదు. రిజిస్టర్ నా ముందే ఉంది.

"నాది రాసినవా బిడ్డ?"

"రాశాను" అన్నాను. నోటికి అదే వచ్చింది.

"ఏదీ, ఏం రాసినవో సదువు."

ఆ వరస మీద వేలు పెట్టాను. అందులో చదవడానికి ఒక్కటే మాట ఉంది.

"లేవు" అని చదివాను.

ఆమె తన కుడిచెయ్యి ఎత్తి, తిప్పి చూసుకుంది. "అవ్ బిడ్డ, లేవు. రెండు" అంది. ఎడమచేత్తో నా తల నిమిరి, "మంచిగ రాసినవ్" అని కొమ్ములు ఏరడానికి పోయింది. నేను ఆ రోజు అన్నం తినలేదు. పోయి నిజం చెప్పనూ లేదు.

ఆ తర్వాత రెండు నెలలు ఆమె అందరికీ గర్వంగా చెప్పుకుంది, నా బిడ్డ బుక్కుల రాసింది, ఇగ జాలీ అస్తది అని. జాలీ గోడకు ఆనించే ఉంది, దసరా బొట్లతో, కంకుల మసితో. ఆడవాళ్ళు కొంగులే కట్టుకుంటున్నారు. ఒక్క తేడా, ఇప్పుడు వేలాడే కొసను రవికెలోకి దోపుకుంటున్నారు. ప్రమాదం తర్వాత మా గిర్నీలో వచ్చిన మార్పు అదొక్కటే. అది కూడా సేటు చేసింది కాదు, వాళ్ళంతట వాళ్ళే చేసుకున్నది.

రెండు నెలలకు తనిఖీ అన్నారు. బోర్డు తుడిచారు. మసి పట్టిన జాలీని తోమించి, బోల్టులకు టైం లేదని బెల్టు మీద తీగతో కట్టించారు. చిన్నమ్మను ఆ రోజు ఇంటి దగ్గరే ఉండమన్నారు. ఆమె మొదటి ఆటోకే వచ్చింది. చేసేదేం లేక సేటు ఆమెకూ తొడుగులు ఇప్పించి వెనక వరసలో నిలబెట్టాడు. నేను ఫోటో తీయడానికి ఫోన్ ఎత్తాను. కుడి తొడుగులో రెండు వేళ్ళు ఖాళీగా, వాడిన చిక్కుడుకాయల్లా వేలాడుతున్నాయి. నేను ఫోన్ దించేశాను.

గదిలోకి పోయి తలుపు వేసుకుని రిజిస్టర్ తెరిచాను. కొట్టివేతలు ఉంటే పక్కన సేటు సంతకం కావాలి. కాని కొట్టివేయాల్సిన పనే లేదు. "లేవు" అన్న మాట చివరన ఉంది, దాని ముందంతా నేను అందం కోసం పెట్టిన చుక్కలు. ఆ చుక్కల మీద రాశాను: "జాలీ లేని బెల్టులో పడి ఒక కూలీ కుడిచేతి రెండు వేళ్ళు". ఆ తర్వాత "లేవు" ఎట్లాగూ ఉంది.

సారు వచ్చాడు. చాయ్ తాగుతూ పేజీలు తిప్పాడు. ఆ వరస దగ్గర ఆగి, కొంచెం పైకే చదివాడు. సేటు మొహంలో రంగు మారింది. పేజీ మీదికి వంగి చూసి, "సిరా సూడుండ్రి సార్, గీ ముందటిది వేరే సిరా. ఇయ్యాల్నే రాసింది. గీ పిల్ల నా మీద కక్షతోని ఇయ్యాల కూసొని రాసింది" అన్నాడు.

అన్నేళ్ళలో సేటు చెప్పిన ఒకే ఒక్క నిజం అది.

"ఎప్పుడు రాశారమ్మా?" అని సారు నన్ను అడిగాడు. ఇవాళ అంటే సేటు గెలుస్తాడు. అప్పుడే అంటే మళ్ళీ అబద్ధం.

తలుపు దగ్గర నిలబడ్డ చిన్నమ్మ లోపలికి వచ్చింది. పళ్ళతో తొడుగు కొరికి లాగేసి, ఆ చెయ్యి రిజిస్టర్ పక్కన టేబుల్ మీద పెట్టింది.

"అప్పుడే రాసింది సారు. నాకు సదివి ఇనిపించింది సుత. లేవు అని సదివింది. నా చెవులతోని ఇన్న."

సారు ఆ చేతిని చాలాసేపు చూశాడు. తర్వాత లేచి షెడ్డులోకి పోయి, బెల్టు మీది జాలీని చేత్తో లాగాడు. తీగ తెగి జాలీ ఆయన చేతిలోకి వచ్చింది. "ఎప్పటి నుంచి గిట్ల?" అని అడిగాడు. భాయి సేటు వైపు చూడకుండా, "ఏడాదయితుంది సాబ్. ఇప్పింది నేనే. ఇప్పమంటె ఇప్పిన" అన్నాడు. పొయ్యే ముందు సారు మిషన్ ఆపించి, జాలీ బోల్టులతో బిగించేదాకా నడపొద్దని కాయితం రాసిచ్చాడు.

నా పని ఆ సాయంత్రమే పోయింది. దానికి నాకు బాధ లేదు. చిన్నమ్మ, నేను ఒకే ఆటోలో కూర్చున్నాం. ఆమె సంబరంగా ఉంది, రేపు బోల్టులు బిగిస్తారంట అని పక్కామెకు చెప్తోంది. కొంత దూరం పోయాక నా వైపు తిరిగింది.

"గా సేటు సిరా సిరా అని ఒర్రిండు, ఏంది గా ముచ్చట?"

చెప్పాను. ఇంక దాచలేకపోయాను. ఆ నెల నేను ఏం రాశానో, "లేవు" అంటే అక్కడ అర్థం ఏమిటో, ఆమె తల నిమిరినప్పుడు నేను ఎందుకు మాట్లాడలేదో, మిగిలింది ఇవాళ పొద్దున ఎట్లా రాశానో, అన్నీ చెప్పాను. ఆమె తిట్టలేదు. తిట్టినా పడేదాన్ని. చేతిని కొంగు కిందికి తీసుకుని బయట గుట్ట రాళ్ళ వైపు చూస్తూ కూర్చుంది.

ఆమె దిగాల్సిన చోటు వచ్చింది.

"రెండు నెలలు నన్ను ఉత్తగనే ఎందుకు సంబురపడనిచ్చినవ్ బిడ్డ?" అంది.

జవాబు కోసం ఆగలేదు. ఎడమచేత్తో కడ్డీ పట్టుకుని దిగి, వెనక్కి చూడకుండా ఊళ్ళోకి నడిచింది.